పైడమ్మ పేరు మీద

సాలూరులో వయొలిన్ నేర్పే వామనమూర్తి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా పాఠానికి సంబంధం లేని ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "భోంచేసి వెళ్ళు" అనేవారు. ఆ భోజనంలోనే జవాబు దొరికినవాళ్ళున్నారు. కడుపు నిండాక ప్రశ్నే మరిచిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఆయన శిష్యుల్లో అందరికన్నా పెద్దవాడు త్రినాథరావు. విజయనగరంలో పేరున్న పిల్లల డాక్టరు. చిన్నప్పుడు తీరని ముచ్చట నడివయసులో తీర్చుకుంటున్నాడు. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే కారు వేసుకుని సాలూరు వచ్చి, పదేళ్ళ పిల్లల పక్కన చాప మీద కూర్చుని సరళీ స్వరాలు వాయించేవాడు.

ఒక ఆదివారం అతని విల్లు సరిగ్గా నిలవలేదు. రెండుసార్లు అపస్వరం పలికాక వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"గురువుగారూ, మనం సాయం చేస్తామంటే అవతలివాళ్ళు షరతులు పెట్టడం అభిమానం అంటారా, అహంకారం అంటారా?"

సంగతి ఇది. త్రినాథరావు తల్లి పైడమ్మ పోయాక ఆవిడ పేరు మీద ఒక విద్యానిధి పెట్టాడు. ఇంటరు పాసై కాలేజీలో సీటు వచ్చినా చేరడానికి దారిలేని పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తున్నాడు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు ఎప్పుడో గాని రాదు. హాస్టలుకీ పుస్తకాలకీ ముందే కట్టాలి. అక్కడే చాలామంది పిల్లల చదువు ఆగిపోతుంది. అలా ఆగిపోబోయిన వాళ్ళలో కొందరిని అతని నిధి ఏటా గట్టెక్కిస్తోంది. అందులో అబద్ధం లేదు. ఏటా ఒక సభ జరిగేది. ఎంపికైన పిల్లలు అమ్మానాన్నలతో వేదిక ఎక్కి, తమ ఇంటి పరిస్థితి నాలుగు మాటల్లో చెప్పి, పైడమ్మ పటానికి దండం పెట్టి చెక్కు అందుకోవాలి. ఆ మాటలు విని సభలో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మరికొందరు విరాళాలు ఇచ్చేవాళ్ళు.

ఈ ఏడాది మక్కువ దగ్గరి పల్లె నుంచి జయంతి అనే అమ్మాయి ఎంపికైంది. పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. శుక్రవారం లోపల చేరకపోతే సీటు పోతుంది. ఆ పిల్ల ఫోను చేసి, "స్కాలర్‌షిప్ ఇస్తే జన్మంతా గుర్తుంచుకుంటాను సార్. కానీ మా నాన్నని స్టేజీ ఎక్కించి ఆయన కాలి సంగతి నలుగురికీ చెప్పలేను" అంది. లారీ మీంచి బస్తాలు దించుతూ పడి, రెండేళ్ళుగా కూలికి పోలేకపోతున్నాడట తండ్రి.

"మా కార్యదర్శి, ఎక్కనంటే తర్వాతి పేరు పిలుద్దాం అంటున్నాడు" అన్నాడు త్రినాథరావు. "నాకూ కష్టంగానే ఉంది గురువుగారూ. మా అమ్మ పేరు మీద ఇస్తున్నాను. నాలుగు మాటలు చెప్పడానికి అంత చిన్నతనమేమిటి?"

వామనమూర్తి గారు విల్లు తుడిచి పక్కన పెట్టారు. "భోంచేసి వెళ్ళు" అన్నారు.

ఆ రోజు ఆయన ఎన్నడూ చేయని పని చేశారు. పాఠానికి వచ్చిన పిల్లల్ని ఉండమన్నారు. పక్కింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారిని కేకేసి పిలిచారు. అందరినీ వరసగా కూర్చోబెట్టారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు విస్తళ్ళు వేసి, వేడి అన్నం, ముద్దపప్పు, గుత్తొంకాయ కూర వడ్డించారు. త్రినాథరావు పొద్దున్నుంచీ కాఫీ చుక్క తప్ప ఏమీ ముట్టలేదు. ఆత్రంగా పప్పన్నం కలిపాడు.

"ఒక్క క్షణం ఆగు నాయనా" అన్నారు వామనమూర్తి గారు. తర్వాత పంక్తి వైపు తిరిగి గొంతు పెంచారు. "అందరూ వినండి. మన త్రినాథ ఈవేళ ఖాళీ కడుపుతో వచ్చాడు. అందుకని మేము అన్నం పెడుతున్నాం. ఎంత ఆకలిగా ఉందో నువ్వే చెప్పు. వాళ్ళూ వింటారు."

త్రినాథరావు నవ్వాడు. పిల్లలూ నవ్వారు. గురువుగారు మాత్రం నవ్వలేదు.

"సిగ్గేముంది? ఊరికే నాలుగు మాటలు. ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగలేదో, అదీ చెప్పు."

త్రినాథరావు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. అతని భార్య పద్మజ పుట్టింటికి వెళ్ళి రెండు నెలలైంది. అత్తగారికి బాగాలేదని అందరికీ చెబుతున్నాడు. మాటా మాటా పెరిగి వెళ్ళిందన్న సంగతి ఒక్క గురువుగారి దగ్గరే, ఒక సాయంత్రం చెప్పుకున్నాడు. ఇప్పుడు పోస్ట్‌మాస్టర్ గారు తన మొహంలోకే చూస్తున్నారు. పిల్లలు చూపులు దించేసుకున్నారు. చెవులు కాలిపోతున్నాయి. ఎదురుగా పొగలు కక్కుతున్న అన్నం ఉంది. ముద్ద ఎత్తుదామంటే చెయ్యి లేవడం లేదు. అంతకుముందున్న ఆకలి ఎటు పోయిందో తెలియలేదు.

"తిను నాయనా" అన్నారు గురువుగారు మెల్లగా. "నీకోసం వండిందే."

"అన్నం దగ్గర ఏమిటండీ ఆ మాటలు!" అంటూ సుభద్రమ్మ గారు నేతి గిన్నెతో వచ్చారు. ఆవిడకు ఈ ఏర్పాటేమీ తెలియదు. త్రినాథరావు విస్తట్లో నెయ్యి వేసి, అతని మొహం చూడకుండానే పోస్ట్‌మాస్టర్ గారిని పలకరించారు. "మీ పెరట్లో మామిడి ఈసారి కాయలేదేమండీ?" ఆయన మామిడి తెగులు గురించి అందుకున్నారు. పిల్లలు తినడం మొదలుపెట్టారు. ఆవిడ అటు వెళుతూ ఒక ఆవకాయ ముక్క, ఇటు వస్తూ కాస్త కూర, అడక్కుండా వేసి పోతున్నారు. ఎవరూ తన వైపు చూడటం లేదని తెలిశాక త్రినాథరావు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మారు అన్నం కూడా పెట్టించుకున్నాడు.

చేతులు కడుక్కున్నాక గురువుగారు వక్కపలుకు నోట్లో వేసుకుని పడక కుర్చీలో వాలారు. శిష్యుడు నమస్కారం పెట్టి బయలుదేరాడు. విజయనగరం వెళ్ళే రోడ్డు ఎక్కలేదు. కారు మక్కువ వైపు తిప్పాడు.

జయంతి వాళ్ళ ఇల్లు పల్లె చివర ఉంది. ఆ పిల్ల ముంగిట్లో కూర్చుని ఒక మేకపిల్ల డెక్కకు పసుపు రాసి గుడ్డ కడుతోంది. డాక్టరుని చూసి ఉలిక్కిపడి లేచింది. అరుగు మీదున్న తండ్రి సింహాద్రి గోడ పట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి, కూర్చోండి" అంటూ త్రినాథరావు తనే వెళ్ళి అరుగు మీద అతని పక్కన కూర్చున్నాడు.

"పాప మాటకి ఏటీ అనుకోకండి బాబూ" అన్నాడు సింహాద్రి. "చిన్నపిల్ల, తెలీక అనేసింది. నానొస్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

"ఎక్కడికీ రానక్కర్లేదు. సభ లేదు" అన్నాడు త్రినాథరావు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా సభ మానేస్తున్నట్టు అతనికే తెలియదు. జయంతి వైపు తిరిగాడు. "హాస్టలుకి కట్టవలసింది రేపు సాయంత్రానికి కాలేజీకే చేరుతుంది. వెళ్ళి చేరిపో తల్లీ."

ఆ పిల్ల చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఏడవలేదు. దండం పెట్టలేదు. "సార్, పైడమ్మ గారంటే మీ అమ్మగారు కదా? ఆవిడేం చేసేవారు?" అని అడిగింది.

ఏటా సభలో అమ్మ గురించి చెప్పడానికి అతని దగ్గర తయారుగా ఒక మాట ఉండేది. ఆదర్శ గృహిణి అనేవాడు. ఇప్పుడు ఆ మాట రాలేదు.

"కరివేపాకు అమ్మేది" అన్నాడు. "గంప నెత్తిన పెట్టుకుని విజయనగరం కంటోన్మెంట్ వీధులన్నీ తిరిగేది. నన్ను మెడిసిన్‌లో చేర్పించేందుకు తను కరివేపాకు ఇచ్చే ఇళ్ళకే వెళ్ళి సాయం అడిగింది. వాళ్ళలో ఒకావిడ నన్ను కూడా తీసుకురమ్మంది. గుమ్మంలో నిలబెట్టి, 'ఇంత నల్లటి పిల్లాడు డాక్టరా?' అని నవ్వింది. నవ్వాకే ఇచ్చింది. అమ్మ తీసుకుంది. దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు."

ఆ ముక్క అతను పద్మజకు కూడా ఎన్నడూ చెప్పలేదు. సింహాద్రి తన చేతిని అతని మోకాలి మీద వేశాడు. జయంతి లోపలికి వెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. త్రినాథరావు తాగాడు. చాలాసేపు ముగ్గురూ మేకల జబ్బుల గురించి మాట్లాడుకున్నారు. అందులో ఆ పిల్లకు తెలిసినంత అతనికి తెలియదు, ఆ పిల్లకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. అవి నేర్చుకోవాలని ఎంత తహతహలాడుతోందో మాట మాటలోనూ తెలుస్తోంది.

తిరిగి వస్తూ దారిలో కారాపి పద్మజకు ఫోను చేశాడంటారు. ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియాలి.

జయంతి గురువారం నాడే కాలేజీలో చేరింది. ఆ తర్వాతి ఆదివారం త్రినాథరావు గురువుగారి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చివర కాస్త తడబడి, "అమ్మ పేరు మీద ఇన్నేళ్ళుగా ఇస్తున్నాను గురువుగారూ. అమ్మ గురించి నన్నడిగింది మాత్రం ఆ పిల్లే. చెప్పాక గుండె తేలికపడింది. వెళ్ళింది ఇవ్వడానికి. ఏదో పుచ్చుకుని వచ్చినట్టుంది" అన్నాడు.

వామనమూర్తి గారు వయొలిన్ తీగ ఒకటి మీటి, చెవి ఒగ్గి విని, బిరడా కొద్దిగా తిప్పారు.

"పుచ్చుకోవడం వచ్చింది కదా" అన్నారు. "ఇక ఇవ్వడం మొదలుపెట్టు."