అఫెమై కొండల్లో పలకరింపు

ఓడలు గాలినే నమ్ముకుని తిరిగే రోజుల్లో, మోటుపల్లి రేవున గవరయ్య అనే పూసల వర్తకుడు ఉండేవాడు. అతడు భార్య పేరిందేవితో సముద్రాలు దాటి, ఎంతో దూరం నడిచి, అఫెమై అనే జాతి ప్రజలుండే కొండ ఊరు చేరాడు. అక్కడే ఇల్లు కట్టుకుని పూసలు అమ్మసాగాడు.

పొరుగింటి ముసలమ్మ పేరు ఒషోకే. రోజూ వాకిట్లోకి వచ్చి పలకరించేది. పేరిందేవి ఆమె దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకుంది. "చల్లగా తెల్లారిందా?" "ఇంట్లో అందరూ కులాసాయేనా?" తప్పు పలికితే ముసలమ్మ నవ్వేది. పేరిందేవి కూడా నవ్వి మళ్ళీ పలికేది.

"మీరూ నేర్చుకోండి. ఎదురుపడితే మొహం తిప్పుకుంటారని ఊళ్ళో అనుకుంటున్నారు" అంది భర్తతో.

"ఎంత, ఇవ్వు, తగ్గించు. ఈ మూడు మాటలూ వచ్చు నాకు. వర్తకుడికి చాలవటే?" అన్నాడు గవరయ్య.

వానాకాలంలో పేరిందేవికి జ్వరం తగిలింది. ఒక ఉదయం ఒళ్ళు కాలిపోతూ కళ్ళు తేలవేసింది. ఒషోకే అప్పటికే ఎక్కడో దూరాన ఉన్న పొలానికి వెళ్ళిపోయింది. గవరయ్య వానలో పరుగెత్తాడు.

మొదటి ఇంట "ఇవ్వు, ఇవ్వు" అన్నాడు. వాళ్ళు పెండలం దుంపల బుట్ట తెచ్చి ముందు పెట్టారు. రెండో ఇంట చేతులు జోడించి "తగ్గించు, తగ్గించు" అన్నాడు. బేరానికి వచ్చాడనుకుని అడ్డంగా తల ఊపారు. ఎన్నడూ పలకరించని మనిషి అరుస్తూ వస్తుంటే జడిసి, మూడో ఇంటివాడు తలుపు వేసుకున్నాడు. గవరయ్య ఉత్తచేతులతో భార్య దగ్గరికి తిరిగొచ్చాడు.

సాయంత్రం ఒషోకే వచ్చి వాకిట్లో పలకరించింది. బదులు రాలేదు. గాభరాగా లోపలికి వచ్చి చూసి, వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది.

"పొద్దున్నే పిలవాల్సింది" అన్నాడు వైద్యుడు. ఆ మాట కూడా గవరయ్యకు అర్థం కాలేదు.

పేరిందేవి ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆ భాషలోనే ఏదో చెప్పింది. తెల్లారేసరికి పేరిందేవి ఊపిరి ఆగిపోయింది.

ఆపైన కూడా ఒషోకే రోజూ వచ్చి పలకరించేది. గవరయ్య తల వంచుకుని కూర్చునేవాడు. ఆమె మానలేదు. వినగా వినగా, ఒకనాడు అతడి నోట బదులు వచ్చింది, తప్పులతోనే. ముసలమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుని సరిదిద్దింది.

మాటలు కాస్త పట్టుబడ్డాక గవరయ్య అడిగాడు. "ఆ రోజు మా ఆవిడ ఏమంది అవ్వా?"

"'మా ఆయనకు మీ మాటలు రావు. బదులు పలక్కపోయినా రోజూ పలకరించు అవ్వా' అంది నాయనా."

గవరయ్య వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు.

పిల్లలూ, ఇరుగుపొరుగును పలకరించడం నేర్వనివాడు ఆపద వేళ నోరుండీ మూగవాడే అవుతాడు.