అలుగు పిల్ల బొంత

అనగనగా ఒక అడవిలో బొంతలు కుట్టే జట్టు ఒకటి ఉండేదర్రా పిల్లలూ. నవ్వకండి. చలి మనుషులకేనా ఏమిటి, జంతువులకి వెయ్యదూ?

ఆ అడవి పక్కనే ఒక ఏరు, ఏటి ఒడ్డున చాకిరేవు. గాలికి కొట్టుకుపోయిన చీర ముక్కలు, చిరిగిందని వదిలేసిన తువ్వాళ్ళు, చేలో దిష్టిబొమ్మకి తొడిగిన చొక్కాలు, అన్నీ ఎలాగో ఒకలాగ అడవిలోకి చేరేవి. జంతువులు వాటిని గూళ్ళలోనూ గుహల్లోనూ పరుచుకునేవి. వాడి వాడి మెత్తబడ్డాక వాటితోనే బొంతలు కుట్టుకునేవి. ముళ్ళపంది సూరమ్మ జట్టుకి పెద్ద. ఆమె ఒంటినుంచి రాలిన ముళ్ళే సూదులు. గిజిగాడు నార పీకి దారం పేనేవాడు. అందరూ పెద్ద బండ మీద చేరి, లోపల పొరలు పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవారు.

ఆ జట్టుకి ఒక పద్ధతి ఉంది. ఎవరికి బొంత కుట్టినా, ప్రతి ఇంటి నుంచీ ఒక గుడ్డ రావాలి. వచ్చిన గుడ్డ ఎంత చిన్నదైనా, ఎంత మాసినా, బొంతలో పడాలి. కుట్టడం అయ్యాక, ఆఖరి ముడి వేసే ముందు సూరమ్మ అడిగేది.

“అందరివీ పడ్డాయా?”

కుట్టినవాళ్ళు “పడ్డాయి” అనాలి. అలా మూడుసార్లు అడగాలి, మూడుసార్లు చెప్పాలి. అప్పుడే ముడి.

జట్టులో అందరికంటే బాగా కుట్టేది ఉడుత. పేరు చారుమతి. దాని కుట్టు చీమల బారులా సన్నగా సాగేది. చేతిలో పనితనం ఉంది, దాంతోపాటు కాస్త గీరా ఉంది. పోనీలెండి, అంత బాగా కుట్టేవాళ్ళకి ఆమాత్రం ఉంటుంది.

కిందటేడు ఏటి అవతలి అడవిలో చేతిపనుల సంత జరిగింది. మన జట్టు అక్కడ తమ బొంతని తాడు మీద ఆరేసి చూపించింది. అవతలి చిలకలు వచ్చి చూసి, “ఇది బొంతా, మసిగుడ్డల మూటా?” అని పకపకా నవ్వాయి. ఎలుగుబంటి భల్లయ్యకి కోపం రాలేదు సరికదా, తనూ నవ్వేశాడు. చారుమతికి మాత్రం ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ‘వచ్చే ఏడు మీరు నోరు తెరుచుకుని చూడకపోతే నా పేరు చారుమతి కాదు’ అనుకుంది.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. ఊళ్ళోకి వెళ్ళి, మేడల మీద ఆరేసిన కొత్తరకం దుప్పట్లన్నీ చూసి వచ్చింది. అన్ని ముక్కలూ వరసగా అతికేయడం కాదు, మధ్య మధ్య తెల్లగా ఖాళీ వదలాలి. రంగులు తక్కువ ఉండాలి. నడిమధ్యన ఒక్కటే పెద్ద బొమ్మ, ఉదయించే ఎర్రటి సూర్యుడు. కళ్ళు మూసుకుంటే ఆ బొంతే కనిపించేది.

ఆ ఏడు వానలకి ఏరు పొంగింది. ఒడ్డునున్న అలుగు బొరియలోకి నీళ్ళు వచ్చేశాయి. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకులు, చీమల్ని తినే జంతువు. భయం వేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. తల్లి అలుగు పిల్లని గట్టు మీదికి తోసింది గానీ తను ఎక్కలేకపోయింది. వరద తల్లిని తీసుకుపోయింది.

పిల్లని భల్లయ్య ఎత్తుకొచ్చి సూరమ్మ ఇంట్లో పెట్టాడు. అది ఉండలా చుట్టుకుని ఉంది. ఎవరు పిలిచినా విప్పుకోలేదు. తిండి లేదు, నీళ్ళు లేవు.

“చలికాలం వచ్చేస్తోంది. దీనికి వెంటనే బొంత కుట్టాలి. ఒంటికి వెచ్చదనం తగిలితే అదే విప్పుకుంటుంది” అంది సూరమ్మ. “చారుమతీ, ఈసారి నువ్వు కుట్టమ్మా.”

చారుమతి ఎగిరి గంతేసింది. “అలాగే అత్తా! పిల్లకి కప్పుదాం, సంత రోజున తీసుకెళ్ళి చూపిద్దాం.”

గుడ్డలు వచ్చాయి. కోతి దిష్టిబొమ్మ ఎర్ర చొక్కా చెయ్యి తెచ్చింది, గుండీతో సహా. తాబేలు నీలం గళ్ళ లుంగీ ముక్క తెచ్చింది. కుందేలు తెల్లటి పంచె ముక్క తెచ్చింది. చారుమతి అన్నిటినీ మడిచి, కత్తిరించి, తన బొమ్మకి తగ్గట్టు సర్దుకుంది. అప్పుడు భల్లయ్య వచ్చి ఒక తువ్వాలు ఇచ్చాడు. తువ్వాలంటే తువ్వాలా అది! బురద రంగు. ఎంత ఉతికినా పోని మరకలు. ఒక పక్క పీలికలు. అదోరకం పుట్టమన్ను వాసన.

“ఇది అలుగు వాళ్ళ ఇంటిదే అమ్మాయ్. వేసెయ్” అని చెప్పి వెళ్ళిపోయాడు.

చారుమతి దాన్ని బొంత మీద ఇటు పెట్టి చూసింది. అటు పెట్టి చూసింది. ఎక్కడ పెట్టినా తెల్లటి ఖాళీ మీద బురద చల్లినట్టే ఉంది. లోపొరలో పెడదామా అంటే పైకి ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. చిలకల నవ్వు చెవిలో వినిపించింది. ‘ఒక్క గుడ్డేగా! ఇన్నిట్లో ఎవరు చూడొచ్చారు?’ అనుకుంది. తువ్వాలు ఇంటికి తీసుకెళ్ళి, గాలి రాకుండా తన తొర్ర కన్నంలో కుక్కేసింది.

బొంత పూర్తయింది. ఎంత బాగుందనుకున్నారు! నడిమధ్యన ఎర్రటి సూర్యుడు, కింద నీలం గళ్ళ కొండలు, చుట్టూ తెల్లటి ఆకాశం. జట్టంతా మూగి చూసింది. సూరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

“అందరివీ పడ్డాయా?” అని అడిగింది.

“పడ్డాయి” అంది చారుమతి.

“అందరివీ పడ్డాయా?”

“పడ్డాయి.”

“అందరివీ పడ్డాయా?”

చారుమతి సూర్యుడి వంక చూసుకుంది. “పడ్డాయత్తా” అంది. సూరమ్మ ముడి వేసింది.

బొంత తీసుకెళ్ళి అలుగు పిల్లకి కప్పారు. అందరూ చుట్టూ కూర్చుని ఎదురుచూశారు. ఉండ కదల్లేదు. భల్లయ్య అరచేతి నిండా ఎర్రచీమలు తెచ్చి దగ్గర పెట్టాడు. కదల్లేదు. గిజిగాడు కిచకిచమని జోల పాడాడు. కదల్లేదు. కోతి పిల్లిమొగ్గలు వేసింది. అది చూడాలంటే కళ్ళు తెరవాలి కదా, పాపం, తెరిస్తేగా!

తెల్లారింది. పిల్ల పెంకులు ఇంకా చల్లగానే ఉన్నాయి. సూరమ్మకి దాన్ని ఒళ్ళోకి తీసుకోవాలని ఉంది. కానీ తన ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని ఒక్క ముందరి పాదం మాత్రం దాని మీద వేసి కూర్చుంది.

“ఇవాళ కూడా తినకపోతే ఇది మనకి దక్కదురా భల్లయ్యా” అంది మెల్లిగా.

భల్లయ్య ముక్కు తుడుచుకున్నాడు. “నాకేం అర్థం కావట్లేదు సూరమ్మా. వాళ్ళమ్మ రోజూ ఆ తువ్వాలు మీదే దీన్ని పడుకోబెట్టుకునేది. వరదలో తెచ్చేటప్పుడు కూడా పిల్ల దాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. తడిసిపోయిందని నేనే గోళ్ళు విడదీసి లాగాను. ఉతికి ఆరేసి, బొంతలో ఉంటే వాళ్ళమ్మ ఉన్నట్టుంటుందని చారుమతికి ఇచ్చాను. అదీ అందులోనే ఉందిగా! ఇంకేం చెయ్యాలి?”

గుమ్మం దగ్గర నిలబడ్డ చారుమతి ఆ మాటలన్నీ వింది.

అక్కణ్ణుంచి ఒక్క పరుగున తొర్రకి వెళ్ళింది. కన్నంలోంచి తువ్వాలు పీకింది. ‘ఎవరూ చూడకుండా బొంత కిందికి తోసేస్తే సరి. పిల్ల బతుకుతుంది, నా మాటా దక్కుతుంది’ అనుకుంది. కానీ తిరిగొచ్చేసరికి ఇంటి నిండా జట్టే. ఎవరూ కదిలేలా లేరు. ఉండ ఇందాకటికంటే ఇంకా బిగుసుకున్నట్టు కనిపించింది. వీళ్ళు వెళ్ళేదాకా ఆగితే? ఆగేలోపు ఏమన్నా అయితే?

చారుమతి తువ్వాలు ముందుకి చాపింది.

“అత్తా, ఇది పడలేదు. నేను అబద్ధం చెప్పాను. అందం చెడిపోతుందని దీన్ని తీసేశాను. నువ్వు మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ అబద్ధమే చెప్పాను.” అంతే, ఏడుపు ఆగలేదు.

భల్లయ్య ఏదో అనబోయాడు గానీ సూరమ్మ కళ్ళతోనే ఆపింది. “ఏడుపు తరవాతమ్మా. ముందు దాన్ని పిల్ల దగ్గర పెట్టు” అంది.

చారుమతి తువ్వాలు అంచుని ఉండకి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తరవాత పెంకుల సందులోంచి సన్నటి ముక్కు బయటికొచ్చింది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది. చిన్న చిన్న గోళ్ళు వచ్చి తువ్వాలుని పట్టుకున్నాయి. “అమ్మ” అంది పిల్ల, వినీ వినపడకుండా.

ఆ మాటకి భల్లయ్య అటు తిరిగిపోయాడు.

కానీ పిల్ల బొంతలోంచి జారి తువ్వాలు వైపు వచ్చేసింది. ఆ పీలికల గుడ్డకి చలి ఆగుతుందా? గజగజ వణుకుతోంది. లాగబోతే వదలదు.

“కుట్టు విప్పుతానత్తా. నడిమధ్యన ఇది వేస్తాను” అంది చారుమతి.

“నీ సూర్యుడు పోతాడే. సంత దగ్గరికొచ్చేసింది” అంది సూరమ్మ.

“పోతే పోనీ.”

చారుమతి పళ్ళతో దారం కొరికింది. ఎన్నాళ్ళో ముచ్చటపడి కుట్టుకున్న సూర్యుణ్ణి ఊడదీసి పక్కన పెట్టింది. ఆ చోట తువ్వాలు పరిచింది. పిల్ల పట్టుకునే ఉంది, చారుమతి ఆ గోళ్ళ పక్కనుంచే సూది దించుతూ మెల్లిగా కుట్టుకుంటూ వచ్చింది. కుట్టు ముందుకి సాగేకొద్దీ పిల్ల కొంచెం కొంచెం విప్పుకుంది. ముందు తల, తరవాత నడుము. చివరికి తోక కూడా చాపుకుని, బొంత నడిమధ్యన బోర్లా పడుకుంది. భల్లయ్య చెయ్యి చాపగానే పొడుగాటి నాలుక బయటికొచ్చి ఒక చీమని అందుకుంది. తరవాత ఇంకొకటి.

“అందరివీ పడ్డాయా?” అని సూరమ్మ మళ్ళీ మూడుసార్లు అడిగింది. చారుమతి ప్రతిసారీ, సూర్యుడి ముక్కలు అతికిన నాలుగు అంచులూ చూసుకుని, అప్పుడే “పడ్డాయి” అంది.

సంత రోజు వచ్చింది. పిల్ల బొంత వదిలితేగా! జట్టు ఉత్త చేతులతోనే వెళ్ళింది. చిలకలు చూసి, “ఏదమ్మా మీ మసిగుడ్డల మూట? తేలేదా?” అన్నాయి.

“వాడుకలో ఉందమ్మా” అంది చారుమతి, ఏమాత్రం కోపం లేకుండా.

ఏడాది తిరిగింది. కుందేలుకి పిల్లలు పుట్టాయి. మళ్ళీ బండ మీద గుడ్డలు పరిచారు. బాగా ఎదిగిన అలుగు పిల్ల నెమ్మదిగా నడిచి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డ ముక్క. బురద రంగుది. తన బొంత నడుమ ఉన్న తువ్వాలులోంచి తనే జాగ్రత్తగా ఒక మూల చించి తెచ్చింది.

“పిన్నీ, ఇది బాగాలేదు కదూ? అయినా ఇందులో నాదీ పడుతుందా?” అని అడిగింది.

చారుమతి ఆ ముక్కని చెంపకి ఆనించుకుంది. తరవాత బొంత నడిమధ్యన పెట్టి సూది తీసుకుంది.

“నీదే ముందు పడుతుందిరా నాన్నా” అంది.

నీతి: మన కంటికి పనికిరాని పాతగుడ్డగా కనిపించేది ఇంకొకరికి ప్రాణం కావచ్చు. అందం కోసం ఎవరినీ పక్కన పెట్టకూడదు. పొరపాటున పెడితే, నిజం ఒప్పుకుని కుట్టు విప్పడానికి సిగ్గుపడకూడదు.