మూడో పాయలో మట్టిపెళ్ళ

చెరువు నిండిన ఏడాదే పెద్ద నీరుగంటి మంచం పట్టాడు. తూము ఎత్తేదీ, ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చెప్పేదీ ఆయనే. ఆ ఆయకట్టంతా ఆయన మాట మీదే పండేది. ఇప్పుడు ఆయన పార గోడకు ఆనించి ఖాళీగా ఉంది.

ఆ పార ఎవరికి రావాలో పసిపిల్లనడిగినా చెప్తుంది. ఆయన కోడలికి. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మామ వెనకాలే కాలువ గట్ల మీద నడిచింది ఆవిడ. గట్టుకు గండి తీసి పొలానికి నీళ్ళు పెట్టడం, చాలనగానే మూసెయ్యడం, నీళ్ళ చప్పుడు విని ఎక్కడ కారుతోందో చెప్పడం, అన్నీ వచ్చు. ఊరంతా ఆవిణ్ణి పారమ్మ అనేవాళ్ళు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో!

అయితే రాజుగారికి ఒక పద్ధతి ఉంది. పట్నంలో ఆయన నీళ్ళ బడి పెట్టించాడు. అక్కడ చదివి ఇత్తడి కంకణం తొడిగించుకున్న చేతికే పెద్ద నీరుగంటి పార ఇస్తారు. దివాణం మనిషి ఒక కంకణం అబ్బాయిని వెంటబెట్టుకుని ఊళ్ళో దిగాడు.

"మరి నేనో?" అంది పారమ్మ.

"నీకు కంకణం లేదుగా తల్లీ."

"కంకణం నీళ్ళు పెడుతుందా అయ్యా?"

దివాణం మనిషి చెడ్డవాడేం కాదు. కాసేపు గడ్డం గోక్కుని ఒక దారి చెప్పాడు. "తొలి తడి ముగిసే రోజు వచ్చి చూస్తాను. నీళ్ళు చివరి మడి దాకా చేరాయా, ఈ అబ్బాయే ఉంటాడు. చేరలేదా, ఇతన్ని నాతో తీసుకుపోతాను. రాజుగారితో చెప్పి పార నీకే ఇప్పిస్తాను. సరేనా?"

పారమ్మకు నవ్వాగలేదు. తొలి తడికి చివరి మడి తడవడమా! ఆవిడ ఎరిగున్నంతలో అది ఎన్నడూ జరగలేదు. ఆ మడి ఒక ఒంటరి అవ్వది. అందరి పైర్లూ పచ్చగా తలెత్తాక ఎప్పటికో ఆమెకు కాసిని నీళ్ళు అందేవి. ఆ నేల రాత అంతేనని అందరూ అనుకునేవాళ్ళు, పారమ్మతో సహా. "సరేనయ్యా" అంది. పార చేతికొచ్చినట్టే అనిపించింది.

కంకణం అబ్బాయి మొదటిరోజే తూము ఒక్కసారిగా ఎత్తేశాడు. నీళ్ళు తన్నుకొచ్చి గట్టు తెగింది. పారమ్మ చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. "ఓరి నీ అసాధ్యం కూలా! నీళ్ళను మెల్లగా లేపాలయ్యా, చంటిపిల్లను లేపినట్టు!" అని కేకలేసింది. అబ్బాయి మొహం చిన్నబోయింది. అయినా తనూ దిగి, గండి పూడేదాకా మట్టి అందించాడు. మర్నాడు తూము మెల్లగా ఎత్తాడు.

అతనికి ఉన్నదల్లా ఒకటే జబ్బు, అడగడం. ఈ కాలువ ఇక్కడ ఎందుకు వంకర తిరిగింది? ఈ రాయి ఎందుకు వేశారు? వీళ్ళకు ముందెందుకు, వాళ్ళకు వెనకెందుకు? పారమ్మ విసుక్కుంటూనే చెప్పేది. చెప్తున్నకొద్దీ తనకు ఇంత తెలుసా అని తనకే ముచ్చటేసేది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి కూర్చోబెట్టి ఎవరూ ఏదీ అడగలేదు మరి. ఇతను ఓడిపోయి వెళ్ళిపోతే ఈ గట్లు బోసిపోతాయేమో అని కూడా ఒకసారి అనిపించింది. ఆ ఆలోచనను వెంటనే తరిమేసింది.

చివరి మడికి వెళ్ళేది మూడో పాయ. పొద్దున్నే పారమ్మ చేసే మొదటి పని, ఆ పాయ మొదట్లో దోసెడు మట్టిపెళ్ళ పెట్టి చేత్తో అదమడం. నీళ్ళు దాన్ని ఒరుసుకుని సన్నగా వెళ్ళేవి. ఒక మధ్యాహ్నం అబ్బాయి దాని పక్కన చతికిలబడ్డాడు.

"ఇదెందుకక్కా?"

"అక్కడ ఉండాలి."

"ఎందుకు?"

"మా మామ పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను. అన్నిటికీ ఎందుకంటే ఎలాగయ్యా నీతో?"

అబ్బాయి తలూపాడు. "నువ్వు పెట్టావంటే ఏదో ఉండే ఉంటుందిలే" అని చేతులు కడుక్కుని లేచాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అతను వదిలేశాడు గానీ ఆవిడకు మింగుడుపడలేదు. ఆ సాయంత్రం మామకు జావ తాగిస్తూ అడిగింది. "మూడో పాయలో మట్టి ఎందుకు మామా?"

"ఏ మట్టి?"

"నువ్వు రోజూ పెట్టేవాడివిగా."

ముసలాయన కాసేపు గుర్తు తెచ్చుకుని బోసినోటితో నవ్వాడు. "ఓ, అదా! ఆ చివరి మడివాడు, ఆ అవ్వ మొగుడు, నా ఎద్దును కర్రతో బాదాడు. నాకు ఒళ్ళుమండింది. వాడు పోయి ఎన్నాళ్ళైందో, పాపం. నువ్వింకా పెడుతున్నావా? నేనెప్పుడు పెట్టమన్నానే?"

నిజమే, పెట్టమని ఆయన ఏనాడూ చెప్పలేదు. మానెయ్యమనీ చెప్పలేదు. ఆవిడ ఆయన చేతుల్ని చూసి నేర్చుకుంది. ఆ చేతుల్లో పనీ ఉంది, పగా ఉంది. ఏది ఏదో తెలియక రెండూ నేర్చేసుకుంది. జావ గిన్నె కింద పెట్టేసింది.

మర్నాటి సాయంత్రమే దివాణం మనిషి చూడ్డానికి వస్తాడు. పారమ్మ పొద్దున్నే మూడో పాయ దగ్గర నిలబడింది. ఒక్క పూట నోరు మూసుకుంటే పార తనది. పార వచ్చాక మట్టి తీసెయ్యొచ్చు, అవ్వకు కావలసినన్ని నీళ్ళు పెట్టొచ్చు, ఎవరు కాదంటారు? అబ్బాయి తూము దగ్గరున్నాడు. చూసేవాళ్ళు లేరు. కానీ అక్కడి నుంచి అవ్వ నారుమడి కనిపిస్తోంది. నారు తలలు వాల్చేసింది. ఇంకో పూట ఆగేలా లేదు.

ఆ పార మీద ఎంత ఆశ పెట్టుకుందో ఆవిడకే తెలుసు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి, నిన్నటి మట్టిపెళ్ళ పెకలించి ఒడ్డున పడేసింది.

నీళ్ళు గలగలమంటూ సాగాయి. పారమ్మ వాటి పక్కనే నడిచి చివరి మడి దాకా వెళ్ళింది. అవ్వ గట్టు మీద నిలబడి, ఇంకా నమ్మకం కుదరక, నీళ్ళలో కాలు పెట్టి చూసుకుంటోంది.

"అవ్వా, ఇన్నేళ్ళూ నీ నీళ్ళు ఆపింది నేనే. ఈ చేత్తోనే మట్టి పెట్టాను."

"తెలుసమ్మా. రోజూ చూసేదాన్నిగా."

"చూసి కూడా అడగలేదేం?"

"నీళ్ళ పని తెలిసినదానివి. నువ్వు పెట్టావంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నా."

తిట్టినా బాగుండేది. పారమ్మ గట్టు మీద కూలబడిపోయింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుని, తడిచేత్తో ఆవిడ వీపు నిమిరింది.

సాయంత్రం దివాణం మనిషి పెద్ద నీరుగంటి పార వెంట పట్టుకొచ్చి, చివరి మడి చూసి అబ్బాయి భుజం తట్టాడు. "భేష్! బడి పేరు నిలబెట్టావు."

"నేను కాదండీ" అన్నాడు అబ్బాయి. "మట్టి అడ్డుందని చూశాను, చూసి లేచి వెళ్ళిపోయాను. తీసింది అక్క."

"పెట్టిందీ నేనేనయ్యా" అంది పారమ్మ.

"తీస్తే పార దక్కదని తెలుసా నీకు?" అన్నాడు దివాణం మనిషి.

"తెలుసు."

"మడి తడిశాక ఇక కంకణం లేని చేతికి పార ఇచ్చే హక్కు నాకు లేదు తల్లీ" అన్నాడు నొచ్చుకుంటూ. అబ్బాయి చటుక్కున తన కంకణం తీసి ఆవిడ చేతికి తొడగబోయాడు. మట్టి పనికి లావెక్కిన కణుపుల దగ్గర అది ఆగిపోయింది. తోశాడు, తిప్పాడు, ఎక్కలేదు. ముందు అవ్వ నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు.

"ఇది నీకే ఉండనీ" అని పారమ్మ కంకణం అతని చేతికి తొడిగేసింది.

"అయితే మీలో మీరే చూసుకోండి" అని దివాణం మనిషి పారను మూడో పాయ గట్టున గుచ్చి, బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అబ్బాయి పార పెరికి ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వు ముందు నడువక్కా."

"నువ్వు వెనకే రా. నేనేం చేసినా ఎందుకని అడుగు. నేను విసుక్కున్నా మానకు."

తూము ఎత్తారు. నీళ్ళతో పాటు నడుచుకుంటూ మూడో పాయ దగ్గరికొచ్చారు. పారమ్మ అలవాటుగా వంగింది. చెయ్యి తనంతట తనే ఒడ్డున దోసెడు మట్టి తీసింది.

"ఎందుకక్కా?" అన్నాడు వెనక నుంచి.

పారమ్మ తన దోసిట్లోని మట్టి వంక చూసుకుంది. మెల్లగా వేళ్ళు విప్పి, దాన్ని తీసిన చోటే వదిలేసి ముందుకు నడిచింది.