ఎర్రజిగురుకు ఆఖరి విస్తరి

కాకినాడలో భోజనాల మెస్సు నడిపే వర్ధనమ్మ గారి ఇంటి ముందు హాలే భోజనాల హాలు. అందులో చేతులు కడుక్కునే చోట పెద్ద గాజు తొట్టి ఒకటుంది. తొట్టినిండా ఉప్పునీళ్ళు, నీళ్ళలో రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, వాటి మధ్య కాస్త జనాభా. భోజనానికి వచ్చినవాళ్ళు చేపల్ని చూస్తూ తింటారు. చేపలూ వాళ్ళని చూస్తూనే తింటాయి. ఎవరికి ఎవరు వినోదమో చెప్పడం కష్టం.

ఆ తొట్టికి పెద్దమనిషి చారలరాయుడు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలున్న చేప. వర్ధనమ్మ గారు అటు వస్తే చాలు, పుట్టాక తిండి మొహం చూడనట్టు అద్దానికి మూతి ఆనించి తోక ఆడించేవాడు. ఆవిడా తక్కువ మనిషి కాదు. విస్తరి ముందు కూర్చున్నవాడు రెండు చేతులూ అడ్డం పెట్టినా మారు వడ్డించకుండా వదలదు. "నా బంగారం, ఆకలేస్తోందా" అంటూ గుప్పెడు మేత గుమ్మరించేది. రాయుడు నాలుగు గింజలు తిని నిద్రకి పోయేవాడు. మిగతాదంతా రాళ్ళ వెనక, నీళ్ళు కదలని మూలకి చేరేది.

ఆ మూలలోనే ఎర్రజిగురు అనే జిగట నాచు కాపురం పెట్టింది. వచ్చినప్పుడు బొట్టుబిళ్ళంత ఉండేది. మాట మాత్రం మహా తీపి.

"తినండి రాయుడు గారూ, తమరు తినకపోతే ఇంకెవరు తింటారండి. ఎంగిలి సంగతి నాకొదిలేయండి, ఎత్తడానికి నేను లేనూ?"

"ఎంత మర్యాదండి దానికి, ఆయ్" అని రాయుడు ఊరంతా చెప్పుకొచ్చాడు.

ఎత్తడమూ లేదు, పారేయడమూ లేదు. ఎంగిలి మీదే పడుకుని మేసేది, మేసినకొద్దీ పరుచుకునేది. ఇసక మీద పరుచుకుంది, రాయి మీదికి పాకింది, ఆఖరికి పగడాలమ్మ కాళ్ళ దాకా వచ్చింది. పగడాలమ్మ రాతికి అతుక్కుని బతికే ముసలావిడ. లేచి పక్కకి జరిగే వీల్లేదు.

"ఒరే సన్యాసీ, నా మీద ఏదో తడిగుడ్డ కప్పుతున్నార్రా. చేతులు విప్పలేకపోతున్నాను" అంది ఆవిడ.

సన్యాసి ఆవిడ కాళ్ళ దగ్గరుండే పీత. ఇల్లు వీపు మీదే మోసుకు తిరుగుతాడు, లోకం మీద ఒక విసుగు కూడా మోస్తుంటాడు. ఎర్రపొర అంచు పట్టి లాగాడు, ముక్క చేతికొచ్చింది గానీ పొర కదల్లేదు. పచ్చనాచు కనిపిస్తే వదలని నత్తని పిలిచాడు. నత్త ఒక్కసారి నాకి మొహం తిప్పేసుకుంది.

"నా వల్ల కాదు బాబూ. ఇది తింటే నేనూ పోతాను."

సన్యాసి సరాసరి రాయుడి దగ్గరికెళ్ళాడు.

"రాయుడు గారూ, తమరు అద్దం దగ్గర అడుక్కోవడం మానాలండి."

"అడుక్కోవడం ఏంటయ్యా? దాన్ని పలకరింపు అంటారు."

"మీ పలకరింపుకి పగడాలమ్మ ప్రాణం పోయేలా ఉందండి. ఒకసారి వెనక్కొచ్చి చూడండి."

రాయుడు వెళ్ళి చూశాడు. పగడాలమ్మ సగం ఎరుపు కింద ఉంది. పిల్లప్పుడు పెద్ద చేపలు తరిమితే అతను దాక్కున్నది ఆవిడ చేతుల్లోనే. అతనికి ఏడుపొచ్చింది. "ఇంక నేను ఆ అద్దం మొహం చూడనండి" అన్నాడు.

ఎర్రజిగురు కిసుక్కున నవ్వింది. "మానండి, చూద్దాం."

ఆ పూట వర్ధనమ్మ గారు వస్తే ఒక్కడూ ముందుకు రాలేదు. ఆవిడ కంగారు పడిపోయింది. "ఏమైందర్రా, అలిగారా? నిన్న తక్కువేశానా?" అని బతిమాలి, బుజ్జగించి, ఒకటికి రెండు గుప్పెళ్ళు వేసి వెళ్ళింది.

ఎర్రజిగురు వాటంగా ఒళ్ళు విరుచుకుంది. "ఈ ఇంట్లో వద్దన్నవాడికే ఎక్కువ వడ్డిస్తారయ్యా. అది తెలియకుండానే ఇక్కడ కాపురం పెట్టాననుకున్నారా?"

రాయుడు తల వేలాడేసుకున్నాడు. సన్యాసి మాత్రం అద్దం దగ్గర కూలబడి హాల్లోకి చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం పంక్తి నడుస్తోంది. ఒకాయన గుత్తివంకాయ రెండోసారి అడిగి వేయించుకుని, దాన్నీ, దాంతోపాటు కలిపిన అన్నాన్నీ అలాగే వదిలేసి లేచాడు. వర్ధనమ్మ గారి మొహం మారిపోయింది.

"ఏమయ్యా, అడిగి మరీ వేయించుకుని పారేస్తావా? ఇంక నీకు మారు లేదు. పెట్టిందేదో తిని లే."

సన్యాసి కళ్ళు రెండూ కాడల చివర నిటారుగా లేచాయి. ఈవిడ చేతికి అడ్డం పెడితే ఆగదు. వదిలేసిన విస్తరి కళ్ళబడితే ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఆ విస్తరి రాళ్ళ వెనక దాగుండబట్టే కదా ఇదంతా.

చేతులు కట్టుకుని ఎర్రజిగురు ముందుకెళ్ళాడు.

"జిగురమ్మ గారూ, ఓడిపోయామండి. ఇంక ఈ తొట్టికి తమరే రాణి. అయితే ఒక్క మాట. రాణి గారు వెనక మూలన కూర్చుని భోంచెయ్యడం మాకు నామర్దాగా ఉందండి. ముందు అద్దం దగ్గర విస్తరి వేస్తాం, దయచేయండి."

"వడ్డనెవరు?"

"రాయుడు గారు స్వయంగా."

"మారు ఉంటుందా?"

"తమరు చాలనేదాకా ఉంటుందండి."

ఎర్రజిగురు పొంగిపోయింది. పీత గుల్లతో తోశాడు, నత్త నెట్టింది, రాయుడు ఆ కుళ్ళు మేతని ముక్కు మూసుకోకుండా నోటితోనే మోశాడు. అంతా అద్దం ముందు కుప్పపడింది. దాని వెంటే ఎర్రజిగురు ముందుకు పాకింది, కుప్పంతా కప్పింది, అద్దం మీదికి కూడా ఎగబాకింది. ఒంటినిండా గాలిబుడగలు మెరుస్తుంటే తనని తనే చూసుకుని మురిసిపోయింది. "ఇక్కడ వెలుతురు బాగుందయ్యా, ఎన్నాళ్ళు వృథా చేశాను."

వర్ధనమ్మ గారు మేత డబ్బాతో వచ్చి ఆగిపోయింది.

"ఇదంతా నేను వేసిందేనా? ఇంత పారేశారా?" అని వంగి చూసింది. ఎరుపు దారి పట్టుకుని తొట్టి పక్కకి తిరిగింది. వెనక పగడాలమ్మ కనిపించింది. "అయ్యో తల్లీ, నా చేత్తోనే నీ మీద పోశానే" అంటూ డబ్బా మూత బిగించి, కొంగు నడుముకి దోపి, గొట్టమూ బకెట్టూ తెచ్చింది.

గొట్టం పెట్టి పీలిస్తే ఎర్రజిగురు చీలికలు చీలికలుగా లేచిపోసాగింది.

"ఏంటయ్యా ఇది? మారు అన్నావు కదా?"

"అయిపోయిందండి. విస్తరి ఎత్తేస్తున్నారు" అన్నాడు సన్యాసి.

బకెట్టులోదంతా వీధి కాలవలోకి వెళ్ళిపోయింది. ఆవిడ కొత్త ఉప్పునీళ్ళు పోసింది, నీళ్ళు తిప్పే మోటారు మూతిని ఆ వెనక మూలకి మళ్ళించింది, దీపం ఆర్పి తొట్టిమీద దుప్పటి కప్పింది. వెలుతురూ ఎంగిలీ రెండూ లేక, మిగిలిన కాసిని ఎర్ర పీలికలు వాడి రాలిపోయాయి.

కొన్నాళ్ళకి దుప్పటి తీసేసరికి పగడాలమ్మ చేతులన్నీ విప్పి నిలబడి ఉంది. రాయుడు ఆ చేతుల మధ్య పిల్లాడిలా మూడుసార్లు దూరి వచ్చాడు. నత్త పరిగెత్తానంది, నమ్మినవాళ్ళు లేరు. సన్యాసి మొదటిసారి విసుగు మర్చిపోయి గుల్లతో సహా చిందేశాడు.

ఇప్పుడు వర్ధనమ్మ గారు వేసేది చిటికెడే. రాయుడు ఇసకలో పడిన గింజ కూడా వెతికి తింటాడు, తిన్నాక వీపు తిప్పేస్తాడు. ఆవిడ డబ్బా మూసేసి, మనసు ఆగక, మారు వడ్డించడానికి హాల్లో కూర్చున్నవాళ్ళ మీద పడుతుంది.

నీతి: చాటున పెరిగే చెడుని చాటునే తిట్టుకుంటే బలుస్తుంది, నలుగురి కళ్ళముందుకీ తెచ్చి పెడితే ఊడ్చుకుపోతుంది.