ఎర్రమట్టి తెచ్చి పోసిన చోటు

సోమలింగాచారి గారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన నోరు తెరవడానికి ముందు చెప్పులు వెతుక్కునేవారు. గుళ్లూ మేడలూ కట్టించి తల నెరిసిన స్థపతి ఆయన. ఆదివారం పొద్దుటే ఆయన అరుగు మీద తాపీమేస్త్రులూ, కాలేజీలో చదివిన ఇంజనీర్లూ పక్కపక్కనే కూర్చునేవారు. ఫలానా గోడ ఎందుకు బీటలు వారిందండీ అని ఒకడు అడిగితే ఆయన కారణం చెప్పేవారు కాదు. "ఏవీ నా చెప్పులు?" అనేవారు. ఇక అందరూ ఆ గోడ దాకా నడవాల్సిందే. తీరా అక్కడికి వెళ్లాక కూడా ఆయన చెబుతారన్న నమ్మకం లేదు. ఊళ్లో దీన్ని చాదస్తం అనేవారు. ఎండ ముదిరిన రోజుల్లో శిష్యులు కూడా మనసులో ఆ మాటే అనుకునేవారు.

ఆ శిష్యుల్లో జలజ ఒకతె. నరహరి అనే బిల్డరు దగ్గర, కట్టడం జరిగే చోట మనుషులకు ప్రమాదం రాకుండా చూసే ఇంజనీరుగా పనిచేస్తోంది. ఆ ఆదివారం అందరికంటే ముందు వచ్చి, మోకాళ్ల దాకా ఉండే రబ్బరు బూట్లు అరుగు కింద విడిచి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

నరహరి కొన్న స్థలం ఊరి చివరిది. తోళ్లు పదును చేయడానికి వాడే క్రోమియం ఉప్పును ఒకప్పుడు అక్కడి ఫ్యాక్టరీలో తయారుచేసేవారు. ఫ్యాక్టరీ మూతపడింది, గోడలు కూలాయి, యజమానులు ఎటో పోయారు, నేలలోకి ఇంకిన మందు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎండాకాలంలో అది చెమ్మతో పాటు పైకి తేలి, మట్టి మీద పసుపుపచ్చని పొరలా పేరుకుంటుంది. ఒంటికి తగిలితే మానని పుండు పడుతుంది, ధూళిలో కలిసి లోపలికి పోతే ఊపిరితిత్తులు పాడవుతాయి. అటువంటి నేల మీద నరహరి అపార్టుమెంట్లు లేపబోతున్నాడు. పునాదులు తవ్వడానికి శ్రీకాకుళం వైపు నుంచి కూలీలను పిల్లాపాపలతో సహా రప్పించి, ఆ పచ్చ మట్టి మీదే వాళ్ల చేత గుడిసెలు వేయించాడు.

"గుడిసెలు గోడ అవతలికి మార్చమన్నాను మాస్టారూ. మట్టిని పరీక్షకు పంపమన్నాను. దాన్ని దుమ్ము లేవకుండా తడిపి, కప్పిన లారీల్లో విషపు చెత్తను పూడ్చే చోటికి తరలించి, అప్పుడు యంత్రాలు దింపమన్నాను. ఏమన్నారో తెలుసా? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు, నేల లోపల ఏముందో నాకేం తెలుసమ్మా అన్నారు. ఎప్పుడో మూసేసిన ఫ్యాక్టరీ, ఉన్నదేదో వానలకు కొట్టుకుపోయి ఉంటుందన్నారు. పరీక్షలంటారా, శంకుస్థాపన అయ్యాక చూద్దామన్నారు. అది కాగానే ఎక్స్‌కవేటర్లు దిగుతాయి, ఇక చూసేదేముంది, పీల్చడమే."

ఈ 'నాకు తెలియదు' అనే మాట ఉందే, దీనంత చవకైన కవచం లోకంలో మరొకటి లేదు. నిప్పు పెట్టినవాడికి కూడా ఇది చాలు, కాలుతుందని నాకు తెలియదండీ అంటే సరిపోతుంది. జలజకు మండింది కూడా సరిగ్గా ఆ మాటకే. అందుకని గురువుగారిని సూటిగా అడిగింది.

"నిద్రపోయేవాణ్ని లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ని లేపలేం అంటారు. లేపడం సంగతి తర్వాత. వీడు నిద్రపోతున్నాడో నటిస్తున్నాడో ఎలా పోల్చుకోవాలి మాస్టారూ? నిజంగా తెలియనివాడూ, తెలిసీ తెలియదనేవాడూ పక్కపక్కన నిలబడితే చూసేవాళ్లకు ఒకేలా ఉంటారు."

ఆచారి గారు ఆమె వైపు చూశారు, అరుగు కింద విడిచిన బూట్ల వైపు కూడా ఒకసారి చూశారు. "శంకుస్థాపన ఎప్పుడు?" అన్నారు.

"బుధవారం పొద్దున."

"నన్నూ పిలిచాడులే. శంకువు నా చేత్తో పెట్టాలట." ఆయన అలవాటుగా అరుగు కిందికి చెయ్యి చాపి తడుముకున్నారు. "బుధవారం దాకా ఈ చెప్పులు ఎవరూ కదపకండి."

ముహూర్తం రోజున ఇద్దరూ కాస్త ముందుగానే వెళ్లారు. షామియానా దగ్గరికి వెళ్లాలంటే గుడిసెల పక్క నుంచే దారి. రేకులు, గోనెసంచులు కలిపి నిలబెట్టిన గుడిసెలు అవి. గడప అంటే నాలుగు ఇటుకల వరస. దాలమ్మ అనే కూలీ ఆ ఇటుకలను నీళ్లతో కడిగి, పచ్చగా అలికి, పైన కుంకుమ బొట్లు పెడుతోంది. ఆమె పక్కన చంటిది దోగాడుతోంది. దాని మోకాళ్ల మీద గుండ్రంగా, చెక్కు కట్టని పుండ్లు ఉన్నాయి.

"గడపకు పసుపు పూస్తున్నావా తల్లీ?" అన్నారు ఆచారి గారు.

"అవును బాబూ. మంచిరోజు కదేటి."

"పసుపు ఎక్కడ కొన్నావు?"

దాలమ్మ నవ్వి, గుడిసె వెనక నేలను చూపించింది. "కొనక్కర్నేదు బాబూ. పొద్దున్నే గీకితే ఎంత కావాలంటే అంత వస్తది. మా గుడిసెలోల్లం అందరం ఇదే పూత్తాం. సీమలు కూడా రావు."

చీమలు రాకపోవడం ఒక శుభం అనుకుంది ఆ పిచ్చితల్లి. కడుపు నింపుకోడానికి ఊరు విడిచి వచ్చిన మనిషి, లక్ష్మీదేవిని లోపలికి పిలవాలని తన చేత్తో తన గడపకు విషం పూసుకుంటోంది. ఆ చెయ్యే కడుక్కోకుండా చంటిదాని మూతి తుడిచింది. తప్పు ఆమెదని ఎవడైనా అంటే వాడి నోరు పడిపోవాలి. జలజ చటుక్కున తల తిప్పుకుంది. ఆచారి గారు ఒక్క క్షణం నిలబడి, "ఆ చెయ్యి బాగా కడుక్కో తల్లీ, పిల్లను నేల మీద నుంచి ఎత్తుకో, నేను మళ్లీ వస్తాను" అని ముందుకు నడిచారు.

షామియానా కింద సంగతి వేరు. తివాచీలు పరిచారు, బంతిపూలు కట్టారు. మధ్యలో పూజ జరగబోయే చోట ఎర్రమట్టి చదరంగా, ముగ్గుపిండిలా మెత్తగా దువ్వి ఉంది. పురోహితుడు సంకల్పం మొదలుపెట్టాడు. నరహరి పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. వెనకే కుర్చీలో అతని తల్లి సీతారావమ్మ, పట్టుచీరలో, కాళ్లకు పసుపు రాసుకుని, చేతిలో లడ్డూల పళ్లెం పట్టుకుని కూర్చుంది. కొడుకు పైకి వచ్చాడన్న ఆనందం ఆవిడ ముఖంలో నిండుగా ఉంది.

శంకువు నాటే వేళయింది. ఆచారి గారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "నేల పరీక్ష కాకుండా శంకువు పెట్టకూడదు. రంగు, వాసన, రుచి, మూడూ చూడాలని కదా శాస్త్రం" అని వంగి, చిటికెడు ఎర్రమట్టి తీసి నాలుక మీద వేసుకున్నారు. అందరూ ఆయన ముఖం వంక చూశారు.

"తియ్యగా ఉంది" అన్నారాయన.

నరహరి ముఖం విప్పారింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దలు తలలు ఊపారు. ఆచారి గారు మూల ఉన్న గునపం అందుకుని, ఆ ఎర్రమట్టిలోనే రెండు పోట్లు పొడిచారు. మూడో పోటుకు గునపం మెత్తగా తగిలి ఆగింది. చేత్తో మట్టి తోసి చూపించారు. ఎర్రమట్టి జానెడే. దాని కింద కొత్త టార్పాలిన్ రెండు మడతలు వేసి పరిచి ఉంది. దాని అంచు ఎత్తితే, అడుగున పచ్చని నేల.

"తియ్యటి మట్టి తెప్పించారు, బాగానే ఉంది. దాని కింద ఈ టార్పాలిన్ ఎందుకు నరహరి గారూ?"

"చెమ్మ అయ్యవారూ. పెద్దలు కూర్చునే చోటు కదా. చెమ్మ తగలకుండా వేయించాను. అంతే."

"మరి గుడిసెల దాకా చాల్లేదా?"

నరహరి నవ్వబోయాడు. ఆ నవ్వు కుదరలేదు. "ఈ అమ్మాయి మీకేదో చెప్పినట్టుంది. నేల లోపల ఏముందో నాకు నిజంగా తెలియదండీ. తెలిస్తే వాళ్లను అక్కడ ఉంచుతానా? నేనూ పిల్లలున్నవాణ్నే." ఆ మాట అంటూ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, పాపం పిల్లి కన్నీళ్లు పెట్టుకోదు. కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు అతని పక్షం తీసుకుని, శుభమా అని ముహూర్తం వేళ ఈ గొడవేమిటండీ అని గొణిగారు. జలజ పిడికిళ్లు బిగించింది. ఇంకొక్క నిమిషంలో ముహూర్తం అయిపోతుంది, యంత్రాలు దిగుతాయి, ఈ మనిషి కన్నీరే గెలుస్తుంది అనుకుంది.

సీతారావమ్మకు ఈ మాటలు సరిగా అర్థం కాలేదు. కొడుకు మీద ఎవరో నింద వేస్తున్నారని మాత్రం తోచింది. గుడిసెలవాళ్లకు ఏదో లోటు జరిగిందంటున్నారు, అంతే కదా, నాలుగు లడ్డూలు నా చేత్తో పంచి వస్తే సర్దుకుంటుందనుకుంది. పళ్లెం పట్టుకుని లేచి, తివాచీ దాటి, వట్టి కాళ్లతో పచ్చని నేల వైపు అడుగు వేసింది.

"అమ్మా."

నరహరి పీట మీద నుంచి లేచి, పూజ సామగ్రి మీద నుంచి దూకి, ఆవిడ జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. లడ్డూలు దొర్లాయి. "అక్కడ దిగకమ్మా. కాళ్లు పుళ్లు పడతాయి."

పురోహితుడి నోట్లో మంత్రం ఆగిపోయింది.

సీతారావమ్మ కొడుకు ముఖం చూసింది, తన కాళ్లు చూసుకుంది. దూరంగా గడప దగ్గర చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ దాలమ్మను చూసింది. ఆవిడ చదువుకోలేదు గానీ ఈ లెక్కకు చదువు అక్కర్లేదు. "దాని కాళ్ల మాటేమిట్రా?" అంది.

ఈసారి నరహరి తెలియదని అనలేదు.

ఆవిడ పళ్లెం కింద పెట్టి, తివాచీ అంచున చతికిలబడింది. "వాళ్లందర్నీ ఇక్కడికి రమ్మను. నాకోసం తెచ్చిన మట్టి మీద వాళ్లు కూర్చుంటారు. వాళ్లకు మంచి చోటు చూపించి, ఈ నేల శుభ్రం చేయిస్తానని నలుగురి ముందు చెప్పిందాకా నేను ఇంట్లో అడుగు పెట్టను. నువ్వూ శంకువు పెట్టించవు." గొంతు పెంచకుండానే అంది. పట్టుచీర తల్లి అలా నేల మీద కూర్చుంటే కుర్చీల్లో పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి కార్ల వైపు నడిచారు.

మిగిలినవాళ్ల ముందు నరహరి ఆ మాట ఇవ్వక తప్పలేదు. సాయంత్రానికి గుడిసెలు ఎత్తేశారు. కూలీలను ఊళ్లో నరహరికే ఉన్న ఖాళీ కల్యాణమండపంలో దింపారు. చంటిదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మట్టి పరీక్షకు వెళ్లింది, యంత్రాలు గేటు బయటే ఆగాయి. ఆచారి గారు మళ్లీ వస్తానన్న మాట ప్రకారం దాలమ్మ దగ్గరికి వెళ్లి, అది పసుపు కాదని విడమరిచి చెప్పారు. ఆమె తన అరచేతులను చీరచెంగుకు రుద్ది రుద్ది తుడుచుకుంది. తర్వాత, "ఇన్నాల్లూ ఒక్కరైనా సెప్పనేదేటి బాబూ" అంది. ఆ మాట ఆయనతోనే అంది. పక్కనే నిలబడ్డ జలజకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

ఇద్దరూ తిరిగి అరుగు దగ్గరికి వచ్చారు. జలజ బూట్లు విడిచి పైకి ఎక్కింది. దారంతా అణచుకున్న కోపం అప్పుడు బయటపడింది.

"చూశారా మాస్టారూ. అంతమంది పిల్లలు దోగాడుతుంటే తెలియలేదట. తల్లి కాలు దగ్గరికి వచ్చేసరికి అంతా తెలిసిపోయింది. పుండు పడుతుందని కూడా తెలుసు. ఇలాంటి మనిషిని ఏమనాలి?"

ఆచారి గారు చెంబులో నీళ్లతో కాళ్లు కడుక్కుంటున్నారు. "ఆ తల్లి గడపకు పచ్చగా పూయడం నువ్వు మొదటిసారి ఎప్పుడు చూశావు?" అని అడిగారు.

"వాళ్లు వచ్చిన కొత్తల్లోనే. కానీ కూలీలను బెదరగొట్టొద్దు, పని ఆగిపోతుందని నరహరి గారు..."

ఆచారి గారు చెంబు బోర్లించి, తన చెప్పులు ఆ రబ్బరు బూట్ల పక్కన విడిచారు.

"మొన్న ఆదివారం నువ్వు అడిగిన దానికి జవాబు, అడగకముందే ఇక్కడ విడిచి పైకెక్కావమ్మాయ్" అన్నారు.