పందికొక్కు పూడ్చిన ఆరు గుమ్మాలు

వాగుకీ జొన్నచేలకీ మధ్య ఒక మట్టిబాట ఉండేది. దాని వెంబడే ఎద్దు పాక, నక్క గుహ, పందికొక్కు బొరియ, చిట్టెలుక కలుగు. వాన పడితే ఆ బాటంతా బురదే. పోయిన ముసురులో చిట్టెలుక మొగుడు ఆ బురదలోనే కూరుకుపోయి ప్రాణం వదిలాడు. అప్పటిదాకా బాట సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక ప్రాణం పోతే తప్ప కదలకపోవడం మనుషులకే కాదు, జంతువులకూ ఉన్న జబ్బే.

వేసవి రాగానే ముసలి ఎద్దు అందరినీ పిలిచింది.

"వాగులోంచి గులకరాళ్లు తెచ్చి, బాట వెడల్పు చేసి పరుద్దాం. ఎవరెన్ని మోయాలో ముందే తేల్చుకోండి. తర్వాత కీచులాటలు వద్దు."

"తలా ఒక వంతు!" అంది పందికొక్కు గబుక్కున.

నక్క తల అడ్డంగా ఊపింది. "అదెట్లా? బాటలోకి ఎన్ని గుమ్మాలుంటే అన్ని వంతులు. ఎక్కువ గుమ్మాలున్నవాళ్లకే బాటతో ఎక్కువ పని. నాకొకటి, ఎద్దు మామకొకటి, చిట్టెలుకకు రెండు, నీకు ఏడు."

"పిల్లలు గలవాణ్ణి, ఏడు వంతులా!"

"పిల్లలు గలవాడివి కాబట్టే ఏడు గుమ్మాలు పెట్టుకున్నావు," అంది ఎద్దు. "రేపు పొద్దున వచ్చి లెక్కపెడతాం."

పందికొక్కు ఇంటికెళ్లి తడిమట్టితో ఆరు గుమ్మాలు పూడ్చేసింది. పెళ్లాం అడ్డుపడింది.

"ఏమయ్యా, పాము వస్తే పిల్లల్ని ఎటు తోలను?"

"బాట పడనీవే. లోపలి నుంచి మళ్లీ తవ్వుకుందాం. మట్టే కదా!"

తెల్లారి లెక్కలో పందికొక్కుకు ఒకటే గుమ్మం తేలింది. చిట్టెలుక కలుగు దగ్గరికొచ్చేసరికి ఎద్దుకు జాలేసింది.

"అమ్మాయ్, నువ్వూ ఒకటి మూసుకో. ఎవరూ ఏమీ అనరు."

"వద్దు మామా. రెండో గుమ్మం నా పిల్లల ప్రాణం. రెండు వంతులూ మోస్తాను."

నక్క పందికొక్కు వైపు తిరిగింది. "బావా, ఈ తడిమట్టి కింద ఏమీ లేదంటావు?"

"వట్టి నేల. పరవండి."

"తర్వాత ఇక్కడ కన్నం పెడితే బాట కుంగుతుంది మరి."

"పెట్టను. ఒట్టు!"

నక్కకు అంతా తెలుసు. తెలిసీ ఊరుకోవడం తప్పే, నేను దాన్ని వెనకేసుకురాను.

పందికొక్కు వదిలించుకున్న ఆరు వంతులూ మిగతా ముగ్గురి నెత్తిన పడ్డాయి. చిట్టెలుక మండుటెండలో ఒక్కొక్క రాయే దొర్లించుకుంటూ రెండు నెలలు కష్టపడింది. పందికొక్కు తన వంతు మూడు రోజుల్లో ముగించి, నీడన కూర్చుని "మెల్లగా వదినా, మెల్లగా" అని పలకరించేది. ఎద్దు ఆ రాళ్లను డెక్కలతో తొక్కి తొక్కి బండలా చేసింది. పూడ్చిన ఆరు గుమ్మాల మీదా అలాగే తొక్కింది.

తొలకరి పడింది. బాట మీద చుక్క నీరు నిలవలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వాగులోంచి జెర్రిపోతు వచ్చి ముందు చిట్టెలుక కలుగులో దూరింది. చిట్టెలుక పిల్లలు రెండో గుమ్మంలోంచి బయటపడి, గట్టి బాట మీద పరుగెత్తి ఎద్దు పాకలో దూరాయి. పాము వెనక్కి తిరిగింది.

బుగ్గల నిండా గింజలతో ఇంటికొస్తున్న పందికొక్కుకు, తన ఒక్కగానొక్క గుమ్మంలోకి జారిపోతున్న తోక కనిపించింది. అది గింజలన్నీ కక్కేసి బాట మీద పడి గోళ్లతో గీరింది. ఒక్క రాయి కూడా కదలలేదు.

"మామా! ఇక్కడ నా గుమ్మం ఉంది, తవ్వు మామా!"

ఎద్దు పరుగున వచ్చి కొమ్ములతో పొడిచింది. "అయ్యో, ఇంత గట్టిగా తొక్కింది నేనే కదరా!" అని ఏడుస్తూనే పొడిచింది. నక్క తవ్వింది. చిట్టెలుక కూడా తవ్వింది.

దారి పడేసరికి జెర్రిపోతు బరువుగా వాగు వైపు వెళ్లిపోతోంది. మూసిన గుమ్మానికి లోపలివైపు పెళ్లాం, ఇద్దరు పిల్లలు అతుక్కుని ఉన్నారు. వాళ్ల గోళ్లన్నీ నెత్తురే. మిగతా ముగ్గురు పిల్లలు లేరు.

పందికొక్కు ఎద్దు కాళ్ల మీద పడింది. "నా ఆరు వంతులూ మోస్తాను మామా. ఇప్పుడే మోస్తాను."

"బాట ఎప్పుడో అయిపోయింది నాయనా," అంది ఎద్దు.

అందరి బాటలో తన వంతు ఎగ్గొట్టడానికి గుమ్మాన్ని దాచుకున్నవాడికి, ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆ గుమ్మం దొరకదు.