అచ్చయ్యమ్మ కన్ను పడ్డ నారు

అనగనగా ఒక ఊళ్ళో, ఒక మేడ మీది వాటాలో, నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు ఆడించకు మరి, దుప్పటి జారిపోతోంది. ఆ నాంచారమ్మకి ఉయ్యాల్లో రెండు నెలల ఆడపిల్ల.

నాంచారమ్మ వాళ్ళమ్మ ఆ పిల్లని చూడకుండానే పోయింది. పోతూ పోతూ ఏం ఇచ్చిపోయిందో తెలుసా? బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టిన టమాటా గింజలు. మూడంటే మూడు చిటికెలు. ఇప్పటి టమాటాలు కావవి. నొక్కులు నొక్కులుగా, పుల్లపుల్లగా ఉండే నాటు టమాటాలు. ఆవిడ చారు కాస్తే వీధి చివరిదాకా వాసన వచ్చేదిట.

"నా పిల్ల తినే మొదటి చారన్నం మా అమ్మ టమాటాలతోనే" అనుకుంది నాంచారమ్మ. ఆ గింజలు పోతే మళ్ళీ దొరకవు. బజారంతా గాలించినా దొరకవు.

పెరడు లేదు. డాబా మీద కోతుల గోల. అందుకని పాత నూనె డబ్బా ఒకటి కోసి, మట్టి పోసి, గదిలోనే ఒక చిటికెడు చల్లింది. వారం తిరిగేసరికి మొలకలొచ్చాయి.

అప్పుడు నాంచారమ్మకి భయం పట్టుకుంది. ఎందుకంటావా? కింది వాటాలో అచ్చయ్యమ్మ ఉండేది. ఒంటరి మనిషి. ఆవిడ కన్ను మంచిది కాదని వీధంతా అనేవాళ్ళు. "అబ్బ, ఎంత బావుందో!" అందంటే చాలు, గేదె పాలివ్వదట, పాదు కాయదట. ఆవిడ అడుగు వినబడితే తల్లులు పిల్లల్ని కొంగు కింద దాచేసేవాళ్ళు. నాంచారమ్మా అంతే, ఉయ్యాల మీద దుప్పటి కప్పేసేది. ఇక ఆ డబ్బా మీద పొద్దస్తమానం బుట్ట బోర్లించేసింది.

బుట్ట కింద మొలకలు ఏం చేశాయి? వెలుగెక్కడ, వెలుగెక్కడ అని మెడలు చాచాయి. దారాల్లా సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి పడిపోయాయి.

"బుట్ట కన్నాల్లోంచి చూసేసి ఉంటుంది" అనుకుంది ఆ పిచ్చి తల్లి. ఆ తర్వాత రెండో చిటికెడు చల్లింది. ఈసారి బుట్ట మీద గుడ్డ కూడా కప్పింది. పైగా ప్రేమ ఎక్కువైపోయి పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం బియ్యం కడుగు, సాయంత్రం మళ్ళీ నీళ్ళు. డబ్బా అడుగున చిల్లయినా లేదు. మొలకల మొదళ్ళు నల్లబడి, మెత్తబడి కుళ్ళిపోయాయి. నాంచారమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ రెండోసారి పోయినట్టు ఏడ్చింది, పాపం.

అప్పుడు మూడో చిటికెడు చల్లింది. అదే ఆఖరు. మొలకలొచ్చాయి. ఒకరోజు నీళ్ళు పోద్దామని బుట్ట తీసిందో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడు. అచ్చయ్యమ్మ! ఎప్పుడో తీసుకెళ్ళిన మజ్జిగ గిన్నె తిరిగిద్దామని వస్తోంది. నాంచారమ్మ పరుగున వెళ్ళి ఉయ్యాల మీద దుప్పటి కప్పింది. ఆ కంగారులో డబ్బా సంగతి మరిచేపోయింది.

అచ్చయ్యమ్మ వంగి నారు వంక చూసింది. చూసింది, చూసింది.

"అమ్మాయ్, వీటికేం బావులేదే!" అంది అచ్చయ్యమ్మ. "చీకట్లో పెట్టేశావు. తూర్పు కిటికీలోకి మార్చు. డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడు. మట్టిలో వేలు పెట్టి చూడు, పొడిగా తగిలితేనే నీళ్ళు. రోజూ కాసేపు విసనకర్రతో విసురు, కాడలు గట్టిపడతాయి."

కన్ను పడనే పడింది, ఇంక పోయేదేముంది అనుకుని నాంచారమ్మ చెప్పినట్టే చేసింది. ఒకరోజు గడిచింది, నారు చావలేదు. రెండోరోజూ చావలేదు. మూడోరోజు చిన్నాకు వేసింది. పది రోజులకి కాడలు చీపురుపుల్లంత లావయ్యాయి.

"మీకివన్నీ ఎలా తెలుసు పిన్నిగారూ?" అని అడిగింది నాంచారమ్మ.

"మా నాన్న నారు పోసి అమ్మేవాడే. ఏ మొక్కకేం జబ్బో చూసి చెప్పడం నా పని. చూడ్డం తప్ప నాకింకేం రాదమ్మాయ్. చూపించేవాళ్ళే లేరు."

నాంచారమ్మకి సిగ్గేసింది. వెళ్ళి ఉయ్యాల మీది దుప్పటి తీసేసింది.

అచ్చయ్యమ్మ పిల్లని చూసింది. "అబ్బ, ఎంత..." అని, చటుక్కున తన నోరు తనే మూసుకుంది.

"అనండి పిన్నిగారూ, నోరారా అనండి" అంది నాంచారమ్మ.

"అబ్బ, ఎంత బావుందో నా తల్లి!" అంది అచ్చయ్యమ్మ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "కాస్త పాలిపోయిందే. దీన్ని కూడా ఆ కిటికీ దగ్గరికి తీసుకురా."

ఆ తర్వాత నారుకి రోజుకో గంట చొప్పున ఎండ అలవాటు చేసి, అచ్చయ్యమ్మ గుమ్మం ముందు నాటారు. కోతులొస్తే ఆవిడ కర్ర పట్టుకుని ఒక్క చూపు చూసేది. ఆవిడ కన్నుకి దడుసుకోవాల్సింది ఆ కోతులే!

కాయలు పండాయి. చారు కాగింది. వీధి చివరిదాకా వాసన వెళ్ళింది. పిల్లకి మొదటి ముద్ద ఎవరు పెట్టారనుకున్నావ్? అచ్చయ్యమ్మే. వీధివాళ్ళందరూ గుడ్లప్పగించి చూశారు. ఏమైంది? ఏమీ కాలేదు. పిల్ల ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

కథేమో కంచికి, చారేమో గిన్నెకి,
నువ్వేమో నిద్రకి, నేనేమో నీ పక్కకి.